కొలత కోసం నిలబెట్టిన మనిషి

ఎవరైనా ఫొటో చేతికిస్తే నేను ముందు మనుషుల్ని చూడను, వాళ్ళ వెనక ఏముందో చూస్తాను. మొహాలు ఎలాగూ నవ్వుతూనే ఉంటాయి, వాటిని నమ్మడానికి లేదు. వెనక గోడ ఉందనుకోండి, అది సొంత ఇంటిదా అద్దె ఇంటిదా, పెచ్చులూడిన చోటు కనపడకుండా పెద్దకోడల్ని అక్కడ నిలబెట్టారా, ఇలాంటివన్నీ నా కళ్ళు వాటంతటవే వెతుక్కుంటాయి. పాలవాడి పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె పట్టని మనిషిని నేను. ఈ గుణం వల్ల నేను మోసపోయింది తక్కువ. దీనివల్ల మా అప్ప నష్టపోయింది ఒక్కసారే, కానీ ఆ ఒక్కసారీ చాలా పెద్దది. అదే ఇక్కడ రాస్తున్నాను.

అప్ప అంటే అక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన మా రైల్వే కుటుంబాల్లో అక్కని అలాగే పిలుస్తాం. అప్పకీ నాకూ నాలుగేళ్ళ తేడా. పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్ళలో మేం నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నేను తెలుగు బడిలో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేదాన్ని. అప్ప ఇంట్లోనే ఉండి కుట్టుపని చేసేది. అప్పకి అంతకు ముందే రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. ఒకటి జాతకాల దగ్గర ఆగింది, ఇంకొకటి ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. నేను ఒకటికి పది కారణాలు ఊహించి పెట్టాను.

నాన్న రైల్వే ఇంజనీరింగు వాళ్ళ దగ్గర తాపీ మేస్త్రీ. ఆయన తండ్రి, అంటే మా తాత, ఇక్కడ లైను వేసిన కొత్తలో ఒక ముఠాతో వచ్చి వర్కుషాపు గోడలూ క్వార్టర్లూ కట్టినవాడు. ఆదివారం పూట మమ్మల్ని బయటికి తీసుకెళ్తే నాన్న చెట్టూ పుట్టా చూపించడు, గోడలు చూపిస్తాడు. ఈ గోడకి సున్నం సరిగా నానలేదు, ఈ గోడ కట్టినప్పుడు వర్షం పడింది, ఇదిగో ఇక్కడ మేస్త్రీ మారాడు, అంటూ వేలితో రాసి చెప్పేవాడు. గోడని చదవడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది.

తాత ముఠాకి ఒక పద్ధతి ఉండేది. బట్టీలో ఎక్కువ కాలిపోయి నల్లగా గాజులా మెరిసే ఇటుకని ఇక్కడ ఝామా అంటారు. అది గోడకి పనికిరాదని పక్కన పారేస్తారు. తాత ముఠా మాత్రం ప్రతి పెద్ద గోడలోనూ నడుం ఎత్తున ఒక్క ఝామా ఇటుకని నిలువుగా పెట్టేది. చుట్టూ ఇటుకలన్నీ పడుకుని ఉంటే అదొక్కటే నిలబడి ఉంటుంది. చంటిపిల్ల బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టు, గోడకి అది దిష్టి చుక్క. పైవాళ్ళు చూసినా చూడనట్టు వదిలేసేవారట. నాన్న కూడా తన గోడల్లో అలాగే పెట్టేవాడు. ఈ పని మా ముఠా తప్ప ఇంకెవరూ చెయ్యరని గొప్పగా చెప్పుకునేవాడు.

అలాంటి రోజుల్లో అప్పకి మూడో సంబంధం వచ్చింది. గోల్ బజార్లో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళు. మావాళ్ళే, మా వైపు నుంచి వచ్చినవాళ్ళే, కానీ రెండు తరాలుగా వ్యాపారంలో ఉండి బాగా కలిసొచ్చినవాళ్ళు. కబురు పంపింది వాళ్ళే. పిల్లని చూడటానికి వాళ్ళే వచ్చారు. పెళ్ళికొడుకు కాఫీ తాగి గ్లాసు తనే తీసుకెళ్ళి తూము దగ్గర పెట్టాడు. అది అప్ప కిటికీలోంచి చూసింది.

ఆ మర్నాడు కొళాయి దగ్గర బిందె నిండుతుంటే అప్ప నాతో అంది, "ఈ సంబంధం నాకు కావాలే. మరేటీ అడక్కు. నాకు కావాల."

అప్ప అంతకు ముందు ఏదీ కావాలని అడగ్గా నేను వినలేదు. పండక్కి చీరైనా నాన్న తెచ్చిందే కట్టుకునే మనిషి. అందుకే నాకు భయం వేసింది. ఇంత కోరుకుంటున్నదాన్ని వాళ్ళు మోసం చేస్తే ఏం గాను? అంత కొట్టున్నవాళ్ళు తాపీ మేస్త్రీ ఇంటికి ఎందుకు వచ్చారు? పిల్లవాడికి ఏదో లోపం ఉందేమో. కొట్టు పేరుకే ఉందేమో.

గిన్నె కొనే వంక పెట్టి వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. కొట్టులో పెళ్ళికొడుకు తండ్రి కూర్చునే చోట, తలపైన, ఒక పెద్ద ఫొటో. ఎర్రబారిపోయిన పాత ఫొటో, దానికి గంధపు దండ. మామూలుగా పెద్దవాళ్ళ ఫొటో అంటే కుర్చీలో కూర్చున్న మనిషి ఉంటాడు కదా, ఇది అలా కాదు. ఫొటో నిండా ఒక గోడ. ఎత్తయిన మిట్టని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి పోతున్న నల్లటి పాత గోడ. పైన ఖాళీ ఆకాశం, పక్కన రెండు తాటిచెట్లు. ఆ గోడ పక్కన ఒక మూల, బొటనవేలంత మనిషి, తలపాగాతో, ఒక అరచెయ్యి గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు.

నేను చూస్తున్నది చూసి ఆయన సంతోషపడ్డాడు. "మా నాన్నగారమ్మా. మా ఊళ్ళో మా పెద్దల కోట. ఆ గోడకి వరసగా కన్నాలున్నాయి చూశావా, అవి తుపాకీ కన్నాలు. అన్నీ పోయి ఇక్కడికొచ్చి పడ్డాం గానీ, మాది మామూలు కుటుంబం కాదు" అన్నాడు. ఆయన మాట మా మాటలా ఉండదు, ప్రతి 'చ'నీ ఒత్తి పలుకుతాడు. అది కూడా నాకు అనుమానమే.

కన్నాలు చూశాను. మోకాలి ఎత్తున ఒక వరస ఉన్నాయి. మోకాలి ఎత్తున కన్నం పెట్టి తుపాకీ ఎవడు పేలుస్తాడు, పడుకునా? ఇంకా దగ్గరికి వెళ్ళి చూశాను. ఆ మనిషి అరచేతికి జానెడు దూరంలో, నల్లటి గోడ మధ్యలో, సన్నటి తెల్లటి గీత ఒకటి నిలువుగా ఉంది. ఫొటో పాడైన మరకేమో అనుకున్నాను. అనుకున్నానే గానీ నమ్మలేదు.

గోల్ బజార్ మలుపులో ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని బెంగాలీ ముసలాయన, అందరికీ దాదా. బడి వాళ్ళకి గుర్తింపు ఫొటోలు తీసేది ఆయనే కాబట్టి నాకు పరిచయం. ఆయన తండ్రి లైను వేసే రోజుల్లో ఊరూరా తిరిగి ఫొటోలు తీసిన ఒక దొర దగ్గర పనిచేశాడట. దొర వెళ్ళిపోతూ వదిలేసిన పాత ఫొటోల కట్ట దాదా దగ్గర ఉందని విన్నాను. చూపించమని అడిగాను. ఆయన బట్ట విప్పి బల్ల మీద పరిచాడు.

అన్నీ ఊళ్ళూ, నదులూ, కొండలూ. అన్నిట్లోనూ గోడ. నది ఒడ్డున గుడి గోడ, రావిమొక్క మొలిచిన బురుజు, మధ్యలో కూలిపోయి మళ్ళీ లేచిన ప్రహరీ, సమాధుల చుట్టూ గోడ. మనుషులు ఎక్కడో చీమల్లా.

"దాదా, ఈ దొరకి గోడల పిచ్చేటి?" అన్నాను.

దాదా నవ్వాడు. "ఆ జమానాలో కెమెరాలో పెట్టే గాజు ప్లేటు చాలా బద్ధకం, దీదీమణీ. చెట్టు హిల్తా హై, ఆవు హిల్తా హై, ఆద్మీ భీ హిల్తా హై. అందరూ చెరిగిపోతారు. గోడ ఒక్కటే కదలదు."

ఆ తరవాత ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. దొరలకి కూలిన గోడంటే ఇష్టమట. ఇక్కడ ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్ళు ఉండేవారు, వాళ్ళ కథ అయిపోయింది, ఇప్పుడు మేం వచ్చాం అని మాటల్లో చెప్పకుండా చెప్పడానికి ఆ గోడ పనికొచ్చేదట. మనవాళ్ళు అదే ఫొటో కొనుక్కుని ఇంకోలా చదివేవారు, మాకూ ఒకప్పుడు ఇలాంటి గోడ ఉండేది అని. తన తండ్రి కాలంలో స్టూడియోలో కూలిన గోడ బొమ్మ వేసిన తెర ఒకటి ఉండేదని, పెళ్ళిళ్ళ సీజన్లో అందరూ దాని ముందే నిలబడతామనేవారని చెప్పాడు. దొర గర్వమూ మనవాళ్ళ గర్వమూ ఆ ఒక్క గోడ మీదే నడిచాయి. గోడ మాత్రం పాపం ఏమీ చెప్పలేదు.

నేను కొట్టులో ఉన్న ఫొటో సంగతి ఎత్తాను. దాదాకి అది తెలుసు, అద్దం పగిలితే తనే మార్చాడు. అది దొర తీసిందే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ కాలం ప్లేటుకి ఎరుపు కనపడదట. ఎర్ర ఇటుకతో నిన్న కట్టిన గోడైనా ఫొటోలో నల్లగా వందేళ్ళ నాటిదానిలా పడుతుంది. నున్నగా మెరిసేది ఏదైనా ఉంటే, నల్లదైనా సరే, తెల్లగా పడుతుంది. "మరి ఆ మనిషి?" అంటే, "నాప్ కే లియే, కొలతకి. గోడ ఎంత ఎత్తో తెలియాలి కదా. దగ్గర్లో ఎవడుంటే వాణ్ణి పిలిచి నిలబెడతారు. ఊపిరి పట్టి కదలకుండా నిలబడితే ఒక కాపీ ఇస్తారు" అన్నాడు.

ఈయన నాకు ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నాడా అని ఆయన్నీ అనుమానించాను. ఫ్రేము ఏదైనా అంటగడతాడేమో అని తొందరగా లేచి వచ్చేశాను. కానీ అప్పటికే తెల్లగా పడిన నిలువు గీత ఏమిటో నాకు తెలిసిపోయింది.

ఇక ఆ గోడ దొరకాలి. మిట్టని ఆనుకున్న గోడ కాబట్టి, తాత ముఠా కట్టింది లైను పక్కనే ఎక్కడో అయ్యుండాలి. నాన్న ఆ వారం హిజ్లీ వైపు లైను పక్కన ఏదో మరమ్మతు మీద ఉన్నాడు. సెలవు రోజు అమ్మ చేతిలోంచి క్యారేజీ లాక్కుని నేనే తీసుకెళ్ళాను. క్యారేజీ ఇచ్చేసి, తిరుగుదారిలో ఇంటికి రాకుండా లైను వెంబడి నడిచాను. ఎర్రమట్టి మిట్టని నిలువునా కోసి పట్టాలు వేసిన చోటు ఒకటుంది. కోసిన మట్టి జారకుండా అక్కడ పొడవుగా గోడ కట్టారు. ముందు రోజు వాన పడింది. గోడకి మోకాలి ఎత్తున వరసగా ఉన్న కన్నాల్లోంచి ఎర్రటి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. మిట్ట లోపల ఊరిన నీరు బయటికి పోవడానికి పెట్టే కన్నాలు అవి. మేస్త్రీ కూతురికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

తాటిచెట్లు లేవు, వాటి మొదళ్ళు ఉన్నాయి. నడుం ఎత్తున గోడని చేత్తో తడుముకుంటూ పోయాను. కొంత దూరం పోయాక చేతికి నున్నగా తగిలింది. నల్లగా, నిలువుగా, ఒకే ఒక్క ఇటుక.

నేను సంతోషంతో గట్టిగా నవ్వాను. అది నిజం, దాచుకోను. కోట లేదు, వంశం లేదు, ఆ తలపాగా ఆయన దొర కొలత కోసం నిలబెట్టిన కూలీ. ఆ గోడ కట్టింది మా తాత. ఇన్నాళ్ళూ నన్ను అనుమానపు మొహం అన్నవాళ్ళందరికీ ఇప్పుడు చెప్తాను అనుకున్నాను. అప్పని కాపాడుతున్నాను అని కూడా అనుకున్నాను. కానీ ఇంటికి వెళ్ళి అప్పకి చెప్పలేదు. నాన్నకీ చెప్పలేదు. తాంబూలాలు మూడు రోజుల్లో ఉన్నాయి. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఆ మూడు రోజులూ ఆ సంగతి లోపలే పెట్టుకుని తిరిగాను.

తాంబూలాల రోజు పొద్దున్నే వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి చేతిలో బట్టలో చుట్టిన పెద్ద పలక లాంటిది ఉంది. విప్పితే ఆ ఫొటోనే. మామగారు చూస్తుండగా తాంబూలాలు మారాలని ఆవిడ ముచ్చటట. పీట వేసి ఫొటోని గోడకి ఆనించి పెట్టారు, బొట్టు పెట్టారు. మా వీధిలో పెద్దమనుషులు నలుగురు చాప మీద కూర్చున్నారు. అప్ప లోపలి గది గుమ్మం వెనక ఉంది. దాని కొత్త చీర అంచు నాకు కనపడుతూనే ఉంది.

కొట్టాయన, అంటే పెళ్ళికొడుకు తండ్రి, పెద్దమనుషులకి కోట కథ మొదలుపెట్టాడు. తుపాకీ కన్నాల దగ్గరికి వచ్చేసరికి నేను ఆగలేకపోయాను.

"ఆ కన్నాల్లోంచి తుపాకులు రావండి, నీళ్ళొస్తాయి" అన్నాను. "మొన్న వానకి కారుతుంటే సూసొచ్చినాను. ఈ గోడ మీ ఊళ్ళో నేదు. మన హిజ్లీ దారిలో, లైను పక్కనుంది."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి వెళ్ళి ఫొటో మీద వేలు పెట్టాను. "ఇదిగో, ఈ తెల్ల గీత మా తాత పెట్టిన ఝామా ఇటుక. ఈయన్ని దొర కొలత కోసం నిలబెట్టినాడు. స్టూడియో దాదానడగండి."

పెళ్ళికొడుకు తల్లి మొహం ఎర్రబడింది. "ఏటే, ఏటి కూత్తున్నావు? సచ్చిపోయినోల్ల మీద అబద్దాలా?" అంది. ఆవిడ నోట అచ్చం మా అమ్మ మాట ఊడిపడింది. నేను లోపల నవ్వుకున్నాను, ఇది కూడా దొరికిందనుకుని.

కొట్టాయన కోప్పడలేదు. ఆయన మొహంలో రంగు పోయింది. నాన్న వైపు తిరిగి, "మేస్త్రీగారూ, మీరు చెప్పండి. మీరు చెప్తే నేను నమ్ముతాను" అన్నాడు.

నాన్న అబద్ధం చెప్పొచ్చు. ఫొటోలో ఏం కనపడుతుందండీ అని తోసెయ్యొచ్చు. కానీ నాన్న జీవితంలో ఏ గోడ గురించీ అబద్ధం చెప్పలేదు.

"ఇటుక మాదే" అన్నాడు.

కొట్టాయన లేచి ఫొటోని తనే బట్టలో చుట్టుకున్నాడు. ఆ ముడి వెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. పెళ్ళికొడుకు ఒక్కసారి లోపలి గుమ్మం వైపు చూసి తండ్రి వెనక బయటికి నడిచాడు. తాంబూలాల పళ్ళెం ఉన్నచోటే ఉండిపోయింది. గుమ్మం వెనక చీర అంచు కనపడటం మానేసింది.

ఆ సాయంత్రం నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తాపీని రాయి మీద రుద్దుతూ మాట్లాడాడు.

"నాకు తెల్దనుకున్నావేటే? నాను కొట్లోకి ఎల్లిన మొదటి రోజే ఆ ఇటుక సూసినాను. ఆ మనిషినీ పోల్సినాను. నా సిన్నప్పుడు మనింటికొచ్చీవోడు. మా అయ్య ముఠాలో తట్ట మోసినోడు. మా అయ్య ఇటుక పెడితే ఆయన అందించీవోడు. ఆ ఝామా ఇటుక కూడా ఆయన సేతిలోంచి వచ్చిందే అయ్యుంటాది."

"మరి తెలిసీ ఊరుకున్నావా? కోట అని అబద్ధం సెప్తుంటే?"

"కొడుక్కి అయ్య ఏటి సెప్తే అదే నిజం. కొట్టాయన నమ్మి సెప్పినాడు, ఎవరినీ మోసం సెయ్యడానికి సెప్పనేదు. ఆ ముసిలాయన పోయేముందు, మేస్త్రీ ఇంటి పిల్లని తెచ్చుకోండ్రా అని కొడుక్కి సెప్పి పోయినాడట. ఎందుకో సెప్పనేదట. ఆ కొడుకు ఎందుకని అడక్కుండా మన గుమ్మంలోకొచ్చినాడు. అందుకే వచ్చినారు ఆల్లు. పిల్లోడికి ఏ లోపమూ నేదు."

నాన్న తాపీ పక్కన పెట్టాడు.

"గోడ కట్టినోడు, కట్టిన గోడ పక్కన నిలబడి ఇది మాది అంటే, అందులో అబద్ధమేటే? కోట ఉన్నోడు గోడ మీద సెయ్యేసినాడేటి ఎప్పుడైనా? ఈయన ఏసినాడు."

నాన్న మర్నాడు కొట్టుకి వెళ్ళి బతిమాలాడు. నాన్న ఎవర్నైనా బతిమాలడం అదే మొదలు. తిరిగి వచ్చి అమ్మకి చెప్తుంటే విన్నాను. ఫొటో ఉన్నచోట గోడ మీద తెల్లటి చదరం మిగిలిందట, దండ వేసిన మేకు అలాగే ఉందట. మీ మీద నాకు కోపం లేదండీ, కానీ మా నాన్న మొహం చూస్తే నాకు ఇదివరకట్లా లేదు, మీ పిల్ల మా ఇంట్లో తిరుగుతుంటే రోజూ అదే గుర్తొస్తుంది అన్నాడట కొట్టాయన. నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. సిగ్గుతో రెండు రోజులు బడికి వెళ్ళలేదు.

అప్ప నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ భయం. తిడితే సమాధానం చెప్పుకోవచ్చు, అనకపోతే ఏం చేస్తాం? నాతో ఎప్పటిలానే మాట్లాడేది, ఉప్పు అందుకో, దీపం పెట్టు, అని. కానీ తన సంగతి ఏదీ నాకు ముందు చెప్పడం మానేసింది. రెండేళ్ళకి చక్రధర్‌పూర్‌లో గార్డు ఉద్యోగం చేసే అతనితో పెళ్ళి కుదిరితే, ఆ వార్త నాకు అమ్మ ద్వారా తెలిసింది. బావ మంచివాడే. అప్ప బాగానే ఉంది. బాగానే ఉందని నేను చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను, ప్రతిసారీ అనుమానంగానే.

పదేళ్ళు పైన గడిచాయి. నాన్న రిటైరయ్యాడు. లైను వెడల్పు చేస్తారని, ఆ మిట్టని మళ్ళీ కోస్తారని, గోడ పడగొట్టేస్తారని వర్కుషాపులో అనుకుంటున్న మాట నాన్న చెవిన పడింది. ఎప్పుడూ ఫొటోకి నిలబడని మనిషి ఆ గోడ దగ్గర ఒక ఫొటో తీయించుకుంటానన్నాడు. అప్పకి కార్డు రాయించాడు. అప్ప పిల్లల్ని బావ దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. దాదా చాలా ముసలివాడైపోయాడు, అయినా తనే కెమెరా పట్టుకుని రిక్షాలో వచ్చాడు.

నాన్న ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నల్ల ఇటుక పక్కన నిలబడి గోడకి అరచెయ్యి ఆనించాడు. అచ్చం ఆ తలపాగా ఆయన నిలబడ్డట్టే. అప్ప ఒక పక్కా, నేను ఒక పక్కా. ఇప్పటి ఫిల్ముకి ఊపిరి పట్టక్కర్లేదు అన్నాడు దాదా. అయినా ముగ్గురం పట్టాం.

అప్ప వెళ్ళేలోపే ఫొటో వచ్చింది. గోడ గోడలా ఉంది, నల్లగా లేదు, కోటలా లేదు. ఝామా ఇటుక నల్లగానే పడింది. నేను వెలుతురు కోసం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాను. ఫొటోలో నాన్న కెమెరా వైపు చూస్తున్నాడు. అప్ప కెమెరా వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది.

"ఏటే, ఇందులో కూడా ఏటైనా దొరికిందా?" అంది వెనక నుంచి అప్ప. పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది.

నేను నవ్వాను. అప్ప నవ్వలేదు.

"ఆ తాంబూలాల యేల నాను గుమ్మం ఎనకే ఉన్నాను" అంది. "మూడు రోజులు నీ నోట్లో పెట్టుకు తిరిగినావు. నా పక్కనే పడుకున్నావు. నాకొక్క మాట సెప్పలేకపోయినావా?"

పదేళ్ళుగా ఈ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను, సమాధానం కూడా తయారుగానే ఉంది. నీకు మోసం జరక్కూడదని అందామనుకున్నాను. అది నోట్లోంచి రాలేదు. "సెప్తే, ఎవులికీ సెప్పొద్దంటావని" అన్నాను.

"వద్దనేదాన్నే" అంది అప్ప. పెట్టె మూత వేసి గొళ్ళెం పెట్టింది. "గోడ ఎవులిదైతే నాకేటే? గోడని సేసుకుంటానన్నానా నాను?"

నేను ఫొటోని కిటికీలో బోర్లించాను.